విప్పేసిన పేరు

తెల్ల కోటు జేబు మీద పేరు కుట్టడం చూసేవాళ్లకి సుళువుగానే కనిపిస్తుంది. కుట్టేవాళ్లకి తెలుసు, ప్రతి పేరుకీ ఏదో ఒక పక్క బరువు ఎక్కువగా ఉంటుందని. ఒక పేరు ముందుకు తూలుతుంది, ఇంకో పేరు చివర్లో కూలబడుతుంది. పక్కన రెండో పేరు వచ్చి చేరితే తప్ప అది జేబు మీద తిన్నగా నిలబడదు. తొమ్మిదేళ్లుగా యూనిఫాం దుకాణానికి పేర్లు కుడుతున్న ఆ ఇంటి కోడలికి ఈ సంగతి ఎవరూ నేర్పలేదు, చేతికే తెలుసు.

సోమవారం పొద్దున ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. పక్కనే బుట్టలో ముప్పై ఎనిమిది రోజుల పాప పడుకుని ఉంది. దారపు రీళ్ల డబ్బా కింద పాప జనన నమోదు ఫారం. అందులో మూడు గళ్లు: మొదటి పేరు, మధ్య పేరు, ఇంటి పేరు. మొదటిదీ చివరిదీ మామగారు పాప పుట్టిన రోజునే తన గుండ్రటి దస్తూరీతో నింపేశారు. మామగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి, అక్షరాలు కూడా తూచినట్టే రాస్తారు.

"మొదటి పేరు పెద్దవాళ్లం పెట్టేశాం. మధ్య పేరు నీ ఇష్టం తల్లీ. దానికి నప్పేలా చూసి పెట్టు," అన్నారు ఆ రోజు. తొమ్మిది నెలలు మోసిన మనిషికి మధ్య గడి ఒక్కటి వదలడం కూడా ఆయన లెక్కలో పెద్ద మనసే. శుక్రవారంతో గడువు అయిపోతుంది.

కోడలు చిరుగు గుడ్డ ఒకటి రింగులో బిగించింది. ముందు మొదటి పేరు కుట్టింది. మూడక్షరాలు, చివర దీర్ఘం. దాని పక్కన ఒక్కో పేరూ వేసి చూడసాగింది. వాళ్లమ్మ పేరు వేస్తే ఇరుకైపోయింది. చిన్నప్పుడు ఇష్టమైన టీచరు పేరు మరీ పొడుగైంది. ఇంకో మూడు కూడా వేసి, పెదవి విరిచి, కత్తెరతో దారం తెంపేసింది. ఆ తర్వాత ఏమీ ఆలోచించకుండానే చెయ్యి కదిలింది. నాలుగక్షరాలు, రెండోదాని కింద వత్తు, చివర గుడి. సూది ఆగాక చూసుకుంటే డబ్బాకి మూత పడ్డట్టు అతికిపోయింది. పుట్టింటి వైపు ఎవరికీ ఆ పేరు లేదు. దుకాణంలో కుట్టిన గుర్తు కూడా లేదు. ఎక్కడినుంచి వచ్చిందో తెలియలేదు కానీ ఆమెకి సంతోషంతో ఒళ్లు తేలికైంది. ఆ ఒక్క గడీ తనదే కదా అనుకుంది. ఎవరికీ చెప్పకుండా గుడ్డ మడిచి సొరుగులో పెట్టింది.

సాయంత్రం ఆరింటికి అత్తగారు వీధి గుమ్మం మెట్టు మీద నిలబడి పాపని పేరు పెట్టి పిలిచారు. ఒకసారి, కాసేపాగి ఇంకోసారి. పాప లోపలి గదిలో ఉంది. పిలుపు మాత్రం వీధిలోకి వెళ్లింది.

"ఏంటత్తయ్యా, పిల్ల ఇంట్లో ఉంటే మీరు ఊళ్లో వెతుకుతున్నారు?" అని కోడలు నవ్వింది.

అత్తగారు వెనక్కి తిరిగారు. చేతిలో తుడిచే గుడ్డ ఉంది, కానీ ఏమీ తుడవడం లేదు.

"పేరు నోటికి అలవాటు చేసుకుంటున్నానే," అన్నారు. "పలికి చాలాకాలమైంది."

ఆ చివరి మాటకి అర్థమేమిటో అడిగేలోపే ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయారు.

*

మంగళవారం పాపని తూకం చూపించడానికి వీధి చివరి ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి నర్సు తల నెరిసిన మనిషి, ఆ పేటలో సగం మందిని మొదట ఎత్తుకున్నది ఆవిడే. పాపని తక్కెడలో పడుకోబెట్టి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి, అంకె రాసుకుంది.

"బంగారుతల్లి, పెరిగింది. పేరేం పెట్టారు?"

కోడలు మొదటి పేరు చెప్పింది. నర్సు రాస్తూనే, తల ఎత్తకుండానే రెండో పేరు కూడా పలికేసింది. నిన్న చిరుగు గుడ్డ మీద కుట్టిన అదే పేరు, సొరుగులో మడిచి పెట్టిన పేరు.

"మీకెలా తెలుసు?" అంది కోడలు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

నర్సు పెన్ను ఆగింది. ముఖం ఎర్రబడింది. రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి, "నోరు జారిందిలే. ఏదో... దాని పక్కన అది బాగుంటుందని," అని గొణిగి, తర్వాతి బిడ్డని రమ్మని గట్టిగా కేకేసింది. తర్వాతి బిడ్డ అంటూ అక్కడెవరూ లేరు.

తిరిగొస్తూ ఇంటికి ఎదురుగా చెప్పులు కుట్టే ముసలాయన దగ్గర ఆగింది. తెగిన సంచి పట్టీ ఇచ్చి, కావాలనే అంది: "పాప పేరు పెట్టేశాం తాతా." పేరు చెప్పింది. తాత మైనం రాసిన దారాన్ని పళ్లతో లాగుతూ, పెదవులు కదిలించాడు. శబ్దం రాలేదు, అయినా నాలుగక్షరాలని తెలుస్తూనే ఉంది. తర్వాత అతను పట్టీ మీదికి వంగిపోయి, ఆమె వెళ్లేదాకా తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఆమె అరికాళ్లు చల్లబడ్డాయి. ఎండ మండిపోతోంది.

అత్తగారు పాపని ఒళ్లో వేసుకుని నూనె రాస్తున్నారు. "దీనిది ఎడమచేతి వాటం. ఎంత తిట్టినా మారదు," అంటున్నారు. "పాల మీద మీగడ కనిపిస్తే ముట్టదు. కుక్కంటే హడలు. వీధి అవతలే నిలబడిపోయి ఏడుస్తుంది, నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని తేవాలి."

"అత్తయ్యా, దానికింకా రెండు నెలలు నిండలేదు," అంది కోడలు.

"అవును కదూ," అన్నారు అత్తగారు. కాసేపు పాప ముఖంలోకి చూశారు. మళ్లీ నూనె రాయడం మొదలుపెట్టి, ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే నెమ్మదిగా సాగదీశారు.

*

బుధవారం మధ్యాహ్నం పాప దుప్పటి తడిపేసింది. లేత పసుపు రంగు ఉన్ని దుప్పటి అది. పాప పుట్టిన మర్నాడే అత్తగారు పెట్టెలోంచి తీసి ఇచ్చారు. ఒక మూల పాప మొదటి పేరు నీలం దారంతో చేత్తో కుట్టి ఉంది. ముచ్చటపడి ముందుగానే కుట్టి ఉంచారనుకుంది కోడలు. ఇన్ని రోజులూ పాలిస్తూ, జోకొడుతూ ఆ మూలనే వేళ్లతో నిమురుతూ కూర్చుంది.

ఉతికి కిటికీ దగ్గర తాడు మీద వేసింది. ఎండ వెనకనుంచి పడింది. నీలం అక్షరాల పక్కన, ఖాళీగా ఉన్న చోట, ఉన్నిలో సన్నటి చుక్కలు వెలిగాయి.

కుట్టు విప్పేసినా సూది చేసిన చిల్లు అంత తొందరగా పూడదు. ఉతికితే కొంత మూసుకుంటుంది కానీ పూర్తిగా పోదు. దుకాణంలో ఎన్నిసార్లు తప్పుపడ్డ పేరు విప్పి, ఆవిరి పట్టి, గోటితో రుద్ది ఉంటుందో ఆమెకే తెలియదు. ఆ చుక్కల వరసని చదవడానికి అరనిమిషం పట్టలేదు. నాలుగక్షరాలు, రెండోదాని కింద వత్తు, చివర గుడి.

కోడలు కిటికీ చువ్వ పట్టుకుని నిలబడిపోయింది. ఆ పేరు తన తలలోకి ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. తల ఆలోచించలేదు. ముప్పై ఎనిమిది రోజులు వేళ్లు ఆ చిల్లుల్ని చదువుకున్నాయి, సోమవారం అప్పజెప్పాయి. తనదనుకున్న ఆ ఒక్క గడీ కూడా తనది కాదు.

నీలం కుట్టుని తిరగేసి చూసింది. దారం వెలిసి బూడిద రంగుకి తిరిగింది. అది ఈమధ్య కుట్టింది కాదు. ముప్పై ఏళ్ల కిందటిదైనా అయి ఉంటుంది.

సాయంత్రం భర్త రాగానే దుప్పటి తెచ్చి ఒళ్లో పడేసింది. అతను లిఫ్టులు బాగుచేస్తాడు, పేటంతా మెకానిక్ అనే పిలుస్తుంది. ఎంత పెద్ద మెషీనునైనా నోరు విప్పించగల మనిషి, ఇంట్లో మాత్రం తన నోరు విప్పడు.

"ఎవరిది ఇది?"

మెకానిక్ గ్రీజు అంటిన వేళ్లు దుప్పటికి తగలకుండా పైకెత్తి పట్టుకున్నాడు.

"అక్కది."

"నీకు అక్క ఉండేదా? పెళ్లయి నాలుగేళ్లయింది. ఒక్కమాట చెప్పాలనిపించలేదా నీకు?"

"మెల్లిగా. నాన్న వింటారు."

"ఏమైంది ఆవిడకి?"

"ఆ మాట ఎత్తకు. నీకు దణ్ణం పెడతాను," అని అతను చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. మామూలుగా రెండు నిమిషాల పని. ఆ రోజు పావుగంట నీళ్ల చప్పుడు ఆగలేదు.

చనిపోయింది, అనుకుంది కోడలు. చనిపోయిన పిల్ల పేరు, చనిపోయిన పిల్ల దుప్పటి, చనిపోయిన పిల్ల ఎడమచెయ్యి. బుట్టలోంచి పాపని తీసి గుండెకి అదుముకుంది. బయట ఆరయింది. అత్తగారు మెట్టు మీద నిలబడి పిలుస్తున్నారు. ఒకసారి, కాసేపాగి ఇంకోసారి. పాప ఆ పిలుపుకి కదల్లేదు. ఈసారి కోడలికి నవ్వు రాలేదు, పాప చెవిని చేత్తో కప్పింది.

*

గురువారం రాత్రి భోజనాల దగ్గర మామగారే పేరు మాట ఎత్తారు.

"రేపు ఆఖరు రోజు. ఏం అనుకున్నావు తల్లీ?"

"ఇంకా ఏమీ అనుకోలేదు మామయ్యా."

ఆయన గ్లాసులో నీళ్లు కొలిచినట్టు పోసుకుని, ఆ రెండో పేరు చెప్పారు. నోటిలోంచి ఆ పేరు బయటికి రావడం ఆయనకే కొత్తలా ఉంది. అత్తగారి చేతిలో గరిటె గిన్నె అంచుకి తగిలి ఖణేలుమంది. మెకానిక్ తల వంచుకుని తింటున్నాడు.

"అదే రాయి. ఆ పేరు సగం పెడితే తక్కువ తూకం అవుతుంది," అన్నారు మామగారు. పాప పడుకున్న గది వైపు చూశారు. ఆ చూపులో ప్రేమ లేకపోలేదు, అదే కోడల్ని మరీ భయపెట్టింది. "ఈసారి జాగ్రత్తగా పెంచుదాం. మొదట్లోనే మొక్కని వంచాలి. ఎదురు చెప్పడం, మనసుకి తోచింది చెయ్యడం, అవేమీ రానివ్వకూడదు. ఈసారి అలా జరగదు."

నలభై రోజుల పిల్ల అప్పుడే ఏదో తప్పు చేసి, క్షమాభిక్ష మీద బతుకుతున్నట్టు మాట్లాడారు.

"సరే మామయ్యా," అంది కోడలు. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

*

శుక్రవారం పదింటికి పాపని భుజాన వేసుకుని నమోదు కార్యాలయానికి వెళ్లింది. ఫారంలో మధ్య గడి ఖాళీగానే ఉంది. వరసలో నిలబడ్డ గంటలో నాలుగుసార్లు పెన్ను మూత తీసింది, నాలుగుసార్లు పెట్టేసింది. కిటికీ వెనక గుమాస్తా కళ్లజోడుకి గొలుసు వేలాడుతోంది. ఫారం తీసుకుని కంప్యూటర్లో టకటకా కొట్టింది, ఆగింది, కళ్లజోడు పైకి తోసుకుంది.

"ఏమ్మా, ఈ చిరునామాలో ఈ పేరుతో ఒకావిడ ఉందే?"

"ఆవిడ... చనిపోయారండీ. మా ఆయన అక్క."

"ఎప్పుడు?"

కోడలు పాపని ఇంకో భుజానికి మార్చుకుంది.

గుమాస్తా ఇంకేదో నొక్కింది. "మా దగ్గర అలా లేదు. ముప్పై నాలుగేళ్లు. పోయినేడాది గుర్తింపు కార్డు మార్చుకుంది. ఇదిగో, సంతకం కూడా ఉంది." తెరని కొంచెం ఇటు తిప్పింది. "చిరునామా మాత్రం మీ ఇల్లే ఇచ్చింది. మీ ఇంట్లోనే ఉంటున్న మనిషి సంగతి మీకే తెలీదా?"

సంతకంలో అక్షరాలన్నీ ఎడమవైపుకి ఒరిగి ఉన్నాయి. మూడక్షరాలు, నాలుగక్షరాలు, ఏదీ తగ్గలేదు. కోడలు పాప వీపు మీద చెయ్యి వేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. నాలుగేళ్లుగా తను తుడుస్తున్న గుమ్మాన్నే ఎక్కడో ఉన్న ఇంకో మనిషి తన ఇల్లని రాసుకుంటోంది. దయ్యమనుకుని నిన్నంతా భయపడ్డది, బతికున్న ఆడపడుచుని చూసి.

"మొదటి పేరు ఒకటే అయినా పర్వాలేదు," అంటోంది గుమాస్తా. "మధ్య పేరు తేడా ఉండాలి. రెండూ అవే కావాలంటే ఆవిడ లేదని కాగితం తేవాలి. అప్పుడు పాతది కొట్టేసి కొత్తది ఎక్కిస్తాం. ఏం చేస్తారు? వెనక జనం ఉన్నారు."

"ఇంకో ఫారం ఇవ్వండి," అంది కోడలు.

పక్క బల్ల మీద పెట్టి, నిలబడే నింపింది. తన చేత్తో కుట్టిన వేల పేర్లలో ఒక్కసారి కూడా రాని పేరు ఏదా అని వెతికింది. ఒకటి దొరికింది. దాన్ని మొదటి గడిలో రాసి, దాని పక్కన ఏది నిలబడుతుందో చూసుకుని మధ్య గడీ నింపింది. ఈసారి వేళ్లని అడగలేదు. పాప కళ్లలోకి చూసి, పెదవులతో రెండూ పలికి మరీ రాసింది. గుమాస్తా ముద్ర కొట్టిన చప్పుడుకి పాప ఉలిక్కిపడి, తర్వాత ఆవులించింది.

*

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఒక్కరే ఉన్నారు. "ఏం రాశావే?" అని అడిగారు. కోడలు ముద్ర పడ్డ కాగితం చూపించింది. అత్తగారు చదివారు. కోపం రాలేదు. గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నారు.

"మరి నేనింక ఏ వంకతో పిలవను?" అన్నారు.

కోడలు పక్కన కూర్చుని దుప్పటి తెచ్చి ఒళ్లో పెట్టింది. ఆవిడ చిల్లులున్న చోట వేలు పెట్టారు.

"విప్పెయ్యమన్నారు. ఆయన ఎదురుగా కూర్చున్నారు, ఒక్కో కుట్టూ విప్పాను. రెండో పేరు అయిపోయింది. మొదటి పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదు. కళ్లు కనబడ్డం లేదని చెప్పి పెట్టెలో దాచేశాను. పదకొండేళ్లయింది."

"ఏం తప్పు చేసింది అత్తయ్యా?"

"తను పనిచేసే కొట్లో తూకపు రాళ్లు దొంగవని ఫిర్యాదు రాసిచ్చింది. ఆ రాళ్లు సరైనవేనని ముద్ర వేసింది మీ మామయ్య." అత్తగారు ముక్కు తుడుచుకున్నారు. "అబద్ధం కాదే అది రాసింది. అందుకే ఆయన తట్టుకోలేకపోయారు. గడప దాటితే పేరు ఇక్కడే వదిలి పో, ఇంక ఆ పేరు ఈ ఇంట్లో వినపడకూడదు అన్నారు. ఎక్కడుందో తెలీదు. ఉందో లేదో తెలీదు. పాప పుట్టాక ఆయనే ఆ పేరు పెడదాం అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం గుమ్మంలో నిలబడి పిలవచ్చు కదా అనుకున్నాను. ఎవరూ తప్పుపట్టరు కదా. మనవరాల్ని పిలుస్తోంది అనుకుంటారు."

"ఉంది అత్తయ్యా. పోయినేడాది సంతకం పెట్టింది. ఎడమచేతి సంతకం, నా కళ్లతో చూశాను."

అత్తగారు నోట్లో కొంగు కుక్కుకున్నారు. అలాగే ఊగుతూ ఉండిపోయారు, ఎంతసేపో.

కోడలు లేచి మిషను దగ్గరికి వెళ్లింది, కానీ మిషను మీద వెయ్యలేదు. నీలం దారం వెతికి, చేతిసూదిలోకి ఎక్కించి, కిటికీ వెలుగులో దుప్పటి పట్టుకుని, పాత చిల్లులోంచి పాత చిల్లులోకి కుట్టుకుంటూ పోయింది. కొత్త చిల్లు ఒక్కటి కూడా పొడవలేదు. వత్తు దగ్గర అత్తగారు వచ్చి వెనక నిలబడ్డారు. చివరి గుడి వాళ్లిద్దరిలో ఎవరు కుట్టారో తర్వాత ఇద్దరికీ గుర్తులేదు.

ఐదున్నరకి మామగారూ మెకానిక్కూ వచ్చారు. మామగారు కుర్చీలో కూర్చుని కాగితం అడిగారు. చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ చదివారు.

"నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?"

"ఆ పేరుకి మనిషి ఉంది మామయ్యా," అంది కోడలు. "పోయినేడాది కార్డు మార్చుకుంది. చిరునామా ఈ ఇల్లే ఇచ్చింది. మీకు ఆ పేరే కావాలంటే ఆవిడ లేదని కాగితం తెమ్మన్నారు, అప్పుడు కొట్టేస్తారట. ఆ కాగితం మీరు రాసిస్తారా?"

మెకానిక్ తల ఎత్తాడు. "ఇంటి నంబరు?" అన్నాడు, తండ్రి అడగాల్సింది తనే అడుగుతూ.

"మనదే. అంకె కూడా తప్పు లేదు."

మామగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మోకాలి మీద సాపు చేస్తూ కూర్చున్నారు. గోడ గడియారం ఆరు కొట్టింది.

అత్తగారు అలవాటు కొద్దీ మెట్టు మీదికి వెళ్లారు. చేతిలో తుడిచే గుడ్డ లేదు. దుప్పటి తెచ్చి మెట్టు పక్కనున్న ఇనప కమ్మీ మీద వేశారు, రెండు పేర్లూ వీధి వైపు ఉండేలా. నోరు తెరిచారు. ఎదురుగా చెప్పులు కుట్టే తాత సుత్తి ఎత్తి అలాగే ఆగిపోయాడు. లోపల పాప ఉంది, కానీ ఆ పేరు పాపది కాదు. ఇప్పుడు ఎవరిని పిలిచినా ఎవరిని పిలుస్తున్నదీ వీధి మొత్తానికి తెలుస్తుంది.

ఆవిడ మొదటి పేరు పలికారు. ఆ వెనకే, పదకొండేళ్ల తర్వాత, రెండోది కూడా పలికారు. రెండూ కలిపినా గుసగుసకి ఎక్కువ కాలేదు.

కుర్చీ కాళ్లు నేల మీద గీరుకున్నాయి. మామగారు లేచి వచ్చి కోడల్నీ కొడుకునీ దాటుకుని గుమ్మంలో నిలబడ్డారు. కోడలు చటుక్కున పాపని దగ్గరికి లాక్కుంది. ఆయన భార్య వైపు చూడలేదు, వీధి ఆ చివరికి చూస్తున్నారు.

"అంత మెల్లిగా పిలిస్తే ఎవరికి వినిపిస్తుంది?" అన్నారు. "గట్టిగా పిలువు."